విజయవాడలో పీజీ రెసిడెంట్‌గా చేరుతున్నారా? ఏ పేటలో ఇల్లు తీసుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మెడికల్ పీజీ సీట్ల కౌన్సెలింగ్‌లో విజయవాడ పడిన ప్రతి బ్యాచ్ డాక్టర్ల నుంచీ ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి ఒకచోట పెట్టాం. ఎక్కువగా ప్రభుత్వ సిద్ధార్థ వైద్య కళాశాలలో చేరేవాళ్ళ కోసం రాసినా, చుట్టుపక్కల కాలేజీల వాళ్ళకు పనికొచ్చేవీ ఉన్నాయి. ఏ జవాబు దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## సీటు వచ్చాక, ఊరికి రాకముందు

హాస్టల్లో ఉండటం తప్పనిసరా? బయట ఇల్లు తీసుకుంటే కాలేజీ ఒప్పుకుంటుందా?

జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2023లో తెచ్చిన పీజీ నిబంధనల ప్రకారం వసతి కల్పించడం కాలేజీ బాధ్యత. అందులో ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం, తప్పనిసరి కాదు. అయినా మెడిసిన్, సర్జరీ, ఆర్థో, గైనిక్, అనస్థీషియా లాంటి బ్రాంచ్‌లలో మొదటి ఏడాది వాళ్ళకు గది దొరికితే కనీసం రెండు మూడు నెలలు వదులుకోవద్దనే మేం చెబుతాం. ఆ నెలల్లో ఇల్లు స్నానానికి, నాలుగు గంటల నిద్రకే పనికొస్తుంది. ఈలోపు మీ యూనిట్ డ్యూటీ రోజులు ఏమిటో, ఏ బ్లాకులో ఎక్కువ సేపు ఉంటారో తెలుస్తుంది. చేరిన వారంలోనే హడావిడిగా తీసుకున్న ఇంటిని ఆరు నెలలకే ఖాళీ చేసేవాళ్ళు చాలామంది.

ప్రభుత్వోద్యోగంలో ఉంటూ పీజీకి, కుటుంబంతో వచ్చే ఇన్‌సర్వీస్ డాక్టర్ల లెక్క వేరు. పిల్లల స్కూలు చూసి పేట ఎంచుకుని, దాని చుట్టూ డ్యూటీని సర్దుకోవడమే నయం.

బ్రాంచ్‌ను బట్టి పేట మారుతుందా? అందరం ఒకే ఆసుపత్రికి కదా వెళ్ళేది?

మారుతుంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) రెండు చోట్ల ఉంది. అందరూ కొత్తాసుపత్రి అనేది గుణదల వైపు, 16వ నంబరు జాతీయ రహదారి సర్వీసు రోడ్డు మీద, హెల్త్ యూనివర్సిటీ, కాలేజీ పక్కనే ఉంటుంది. పాతాసుపత్రి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో హనుమాన్‌పేటలో ఉంటుంది. ప్రసూతి, పిల్లల విభాగాలు పాతాసుపత్రిలో నడుస్తాయి. రెంటికీ మధ్య దూరం ఐదారు కిలోమీటర్లే గానీ ఏలూరు రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఆ ఐదారే అరగంట తినేస్తాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు మీ డిపార్ట్‌మెంట్ సీనియర్‌ను మూడు విషయాలు అడగండి. ఓపీ ఎక్కడ, వార్డు ఎక్కడ, రాత్రి డ్యూటీ రూమ్ ఎక్కడ? దూరం కొలవాల్సింది ఆ మూడో చోటి నుంచి.

రాకముందే ఫొటోలు చూసి అడ్వాన్సు పంపమంటున్నారు. పంపవచ్చా?

పంపవద్దు. ఇల్లు నిజంగా ఉన్నా, ఎదురుగా ఫంక్షన్ హాలు ఉందో లేదో ఫొటోలో కనిపించదు. బెజవాడలో మంచి ఇళ్ళు ఇప్పటికీ గేటుకు కట్టిన టులెట్ బోర్డులతో, వాచ్‌మన్ మాటతోనే దొరుకుతాయి. రెండు రోజులు హాస్టల్లోనో లాడ్జిలోనో దిగి, బండి మీద వీధులు తిరగండి.

మా జాయినింగ్ ఆషాఢంలో పడింది. అప్పుడు ఇల్లు ఇస్తారా?

ఆషాఢం, పుష్యం లాంటి శూన్య మాసాల్లో కొత్తింట్లో పాలు పొంగించరు. అందుకే ఆ నెలల్లో టులెట్ బోర్డులు ఎక్కువగా కనిపిస్తాయి, అడిగేవాళ్ళు తక్కువ. మీకు పట్టింపు లేకపోయినా ఓనరుకు ఉండవచ్చు. రెండు దారులున్నాయి. నెల మొదలయ్యేలోపే ఓ మంచిరోజు చూసి పాలు పొంగించి, సామాన్లు తర్వాత చేర్చడం ఒకటి. ఇల్లు మాట్లాడేసి, శ్రావణం వచ్చేదాకా హాస్టల్లో ఉండటం రెండోది. అద్దె బేరమాడటానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. ఖాళీగా ఉన్న ఇంటికి నెలరోజుల అద్దె మినహాయించమని నేరుగా అడగండి. శ్రావణం రాగానే అదే ఇంటికి నలుగురు వస్తారు.

## పేట ఎంచుకునేటప్పుడు

కొత్తాసుపత్రికి దగ్గరలో ఏ ఏరియాలు బాగుంటాయి?

నడిచి వెళ్ళాలంటే గుణదలలో ఆసుపత్రి వైపున్న వీధులు, వెటర్నరీ కాలనీ, భారతీనగర్. ఐదు పది నిమిషాలు బండి మీద వెళ్ళగలిగితే కరెన్సీనగర్, రామచంద్రనగర్, గురునానక్ కాలనీ, మొగల్రాజపురం, పటమట.

వీటిలో తేడాలున్నాయి. వెటర్నరీ కాలనీ, భారతీనగర్, గురునానక్ కాలనీల్లో రోడ్లు వెడల్పు, గ్రూప్ హౌసులు కొత్తవి, అద్దెలూ దానికి తగ్గట్టే ఉంటాయి. గుణదలలో పాత ఇళ్ళ పోర్షన్లు దొరుకుతాయి, బేరం కుదురుతుంది. కానీ సందులు ఇరుకు, రైలు కూత వినిపించే వీధులున్నాయి, బుడమేరు ఆనుకుని పల్లపు ప్రాంతాలూ ఉన్నాయి. మొగల్రాజపురంలో హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్స్ షాపులు, టిఫిన్ సెంటర్లు అడుగడుగునా ఉంటాయి కాబట్టి ఒంటరిగా ఉండేవాళ్ళకు సుఖం. పటమట అన్నింటికీ అందుబాటులో ఉంటుంది గానీ ఆటోనగర్ అంచు వీధుల్లో పగలంతా బాడీ షెడ్ల సుత్తి దెబ్బలు, లారీల దుమ్ము తప్పవు.

ఇల్లు హైవేకి ఏ పక్కన ఉందో తప్పకుండా చూడండి. మ్యాపులో అర కిలోమీటరు కనిపించే ఇల్లు, అవతలి పక్కన ఉంటే యూటర్న్ తిప్పుకుని రెండు కిలోమీటర్లవుతుంది. ఆ తిప్పట పడలేక సర్వీసు రోడ్డులో రాంగ్ రూటులో వెళ్ళడం అలవాటవుతుంది. తెల్లవారుజామున లైట్లు లేని ట్రాక్టర్లు ఎదురొచ్చేది ఆ రోడ్డులోనే. మీ క్యాజువాల్టీకి వచ్చే కేసులు చూస్తే మేం వేరే చెప్పక్కర్లేదు.

ప్రసూతి, పిల్లల విభాగం వాళ్ళం. పాతాసుపత్రి దగ్గర ఎక్కడ ఉండాలి?

గవర్నర్‌పేట, సూర్యారావుపేట, గాంధీనగర్, సత్యనారాయణపురం. సూర్యారావుపేట ఊరిలోని క్లినిక్కులు, ల్యాబ్‌లు, మందుల షాపుల పేట. పగలు పార్కింగ్ దొరకదు, రాత్రి తొమ్మిది దాటితే వీధులు నిశ్శబ్దమవుతాయి. నైట్ డ్యూటీలు ఎక్కువుండే వాళ్ళకు ఇది తిరగబడుతుంది, ఎందుకంటే మీకు నిశ్శబ్దం కావలసింది పగలు. గాంధీనగర్ సినిమా హాళ్ళ పేట. మెయిన్ రోడ్డుకు రెండు వీధులు లోపలికి వెళ్తే ఫరవాలేదు.

సత్యనారాయణపురం పాత కుటుంబాల పేట. వీధులు శుభ్రం, మనుషులు నెమ్మది, బీఆర్‌టీఎస్ రోడ్డు పక్కనే. చాలా ఇళ్ళలో శాకాహారులకే ఇస్తారు, అడగకముందే చెప్పేస్తారు. చాటుగా గుడ్డు ఉడకబెట్టుకుందాం అనుకుని అలాంటి ఇల్లు తీసుకోవద్దు. మూడేళ్ళు దాక్కుని తినలేరు.

మేమిద్దరం రెసిడెంట్లమే. ఒకరికి పాతాసుపత్రి, ఒకరికి కొత్తది. మధ్యలో ఎక్కడ?

ఏలూరు రోడ్డు మీద మారుతీనగర్, మాచవరం ఇద్దరికీ సమానంగా ఉంటాయి. షేర్ ఆటోలు, సిటీ బస్సులు తెల్లవారుజాము నుంచే దొరుకుతాయి. అయితే సమానంగా పంచడమే న్యాయం కాదు. ఎవరికి డ్యూటీలు ఎక్కువో, ఎవరిని రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేసి పిలుస్తారో వాళ్ళ ఆసుపత్రికి దగ్గరగా తీసుకోండి. ఒకరు రేడియాలజీ, ఒకరు గైనిక్ అయితే ఆలోచించేదేముంది, హనుమాన్‌పేట వైపే.

సింగ్‌నగర్, పాయకాపురం వైపు అద్దెలు తక్కువట. వరద మళ్ళీ వస్తుందా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం, కండ్రిక, నున్న వైపు ప్రాంతాలు మునిగాయి. కొన్ని వీధుల్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి, మనుషుల్ని పడవల్లో, ట్రాక్టర్లలో తరలించారు. బుడమేరుకు గండ్లు పడటం, ఎగువన కుండపోత వాన, ఊరు పెరిగి వాగు దారి ఇరుకవడం కలిసి చేసిన పని అది. మళ్ళీ వస్తుందా రాదా అని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇల్లు అక్కడే తీసుకోవాల్సి వస్తే గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. గ్రూప్ హౌసులో మొదటి అంతస్తు, ఆపైన చూడండి. సెల్లార్ పార్కింగ్ ఉంటే బండి ఎక్కడ పెడతారో అడగండి. పాత వరద ఎంత ఎత్తు వచ్చిందో ఓనరు చెప్పకపోయినా గోడ చెబుతుంది. కాంపౌండు గోడ బయటి వైపు బురద గీత, గది అడుగున కొత్త పెయింటు కింద ఉప్పు పొక్కులు, తలుపు చట్రం అడుగున ఉబ్బిన చెక్క, కరెంటు మీటరును ఛాతీ ఎత్తు నుంచి తల ఎత్తుకు మార్చిన పాత మేకుల గుంటలు చూడండి. వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడిగితే ఏ మెట్టు దాకా వచ్చిందో చేత్తో చూపిస్తాడు.

కృష్ణలంక నది పక్కనే కదా, అక్కడా ముంపేనా?

ప్రకాశం బ్యారేజీకి 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ చరిత్రలోనే అంత ఎప్పుడూ రాలేదు. కృష్ణలంక, రాణిగారితోట వైపు కట్టిన రిటైనింగ్ వాల్ ఆ ప్రాంతాన్ని చాలావరకు కాపాడింది. గోడకు లోపల ఉన్న వీధులు ఒకప్పటిలా భయపడాల్సినవి కావు. నది వైపు, గోడకు బయట కట్టినవి మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. బస్టాండుకు దగ్గర కాబట్టి ప్రతి వారం సొంతూరు వెళ్ళేవాళ్ళకు కృష్ణలంక వీలుగా ఉంటుంది.

కానూరు, పోరంకిలో అదే అద్దెకు డబుల్ బెడ్‌రూమ్ వస్తుంది. కాస్త దూరమైతే ఏమవుతుంది?

లెక్క వేసి చూడండి. పోరంకి నుంచి కొత్తాసుపత్రికి దాదాపు పది కిలోమీటర్లు. రానుపోను 20, నెలకు 26 రోజులు, 520 కిలోమీటర్లు. స్కూటర్ లీటరుకు 45 ఇస్తే పదకొండున్నర లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన 1,270 దాకా. మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఇదే ఖర్చు 380 దాకా. అంటే పెట్రోలు తేడా తొమ్మిది వందలు. అద్దె మూడు వేలు తగ్గితే డబ్బు పరంగా పోరంకే లాభం.

నష్టం వేరే చోట. బందరు రోడ్డు మీద పొద్దున, సాయంత్రం కలిపి రోజుకు గంట అదనం, అందులో బెంజి సర్కిల్ కింద సిగ్నల్ వాటా ఎక్కువ. పైవంతెనలు వచ్చాక హైవే బండ్లు పైనుంచి పోతున్నాయి గానీ బందరు రోడ్డు నుంచి వచ్చేవాళ్ళు కింద ఆగాల్సిందే. ఆ గంట మీ నిద్రలోంచి పోతుంది. 24 గంటల డ్యూటీ దిగి, కళ్ళు మూతలు పడుతుంటే పది కిలోమీటర్లు బండి నడపాలి. మొదటి రెండేళ్ళు ఆ రిస్కు వద్దు. మూడో ఏడాది డ్యూటీలు తగ్గాక, పెళ్ళయి పెద్దిల్లు కావాలంటే కానూరు బాగానే ఉంటుంది.

ఎయిమ్స్, ఎన్‌ఆర్‌ఐ, పిన్నమనేని, నిమ్రా కాలేజీల వాళ్ళం. మేం ఊళ్ళో ఉండవచ్చా?

మంగళగిరి ఎయిమ్స్, చినకాకాని ఎన్‌ఆర్‌ఐ రెండూ కృష్ణ అవతల, గుంటూరు రోడ్డు వైపు. వాళ్ళకు మంగళగిరి, తాడేపల్లి సహజం. విజయవాడలోనే ఉండాలంటే వారధికి దగ్గరగా కృష్ణలంక, పటమట, లబ్బీపేట. చినఅవుటపల్లి పిన్నమనేని సిద్ధార్థ గన్నవరం దాటాక ఉంది కాబట్టి రామవరప్పాడు నుంచి ఎనికేపాడు, నిడమానూరు, గన్నవరం వరుసలో చూసుకోండి. బెంజి సర్కిల్ అటువైపు వెళితే రోజూ ఊరంతా దాటాలి. జూపూడి నిమ్రాకు భవానీపురం, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం.

అమ్మాయిని, ఒంటరిగా ఉండాలి. హాస్టలా, ఇల్లా?

లేడీస్ హాస్టళ్ళు మొగల్రాజపురం, లబ్బీపేట, బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఎక్కువ. చాలా వాటిలో రాత్రి తొమ్మిదిన్నర, పదికి గేటు మూస్తారు. డాక్టర్లకు మినహాయింపు ఇస్తామని నోటితో చెప్పే మాట మొదటి అర్ధరాత్రి డ్యూటీ దాకానే నిలుస్తుంది. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రెండింటికి వస్తే ఎవరు తీస్తారు అని పేరుతో సహా అడిగి తెలుసుకోండి.

ఇల్లయితే ఓనరు అదే బిల్డింగులో ఉండే ఇండిపెండెంట్ ఇల్లో, వాచ్‌మన్ కుటుంబంతో సహా కాపురముండే గ్రూప్ హౌసో మంచిది. మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా వీధి దీపాలు వెలుగుతున్నాయా, మధ్యలో ఖాళీ స్థలాలు ఎన్ని ఉన్నాయి అన్నది రాత్రి పది తర్వాత నడిచి చూడాలి. అపరాత్రి ఆటో ఎక్కాల్సి వస్తే నంబరు ప్లేటు ఫొటో ఇంట్లోవాళ్ళకు పంపండి. అత్యవసరానికి 112.

## ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు

ఒకసారి చూస్తే చాలదా?

చాలదు. మూడు వేళల్లో చూడాలి. పొద్దున ఏడున్నరకు ఇంటి నుంచి ఆసుపత్రికి బండి మీద నిజంగా వెళ్ళి రండి. మధ్యాహ్నం రెండింటికి బెడ్‌రూమ్‌లో తలుపులు మూసి పావుగంట కూర్చోండి. రాత్రి పదికి వీధి చూడండి, కుక్కలు ఎన్ని ఉన్నాయో కూడా. బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని ఒక ఫోన్ కాల్ చేసి చూడండి. సిగ్నల్ లేని గదిలో పడుకుంటే వార్డు నుంచి వచ్చే ఫోన్ మోగదు, పొద్దున్నే ప్రొఫెసర్‌కు జవాబు మీరు చెప్పాలి.

నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుంటాం. అందుకు ఎలాంటి ఇల్లు కావాలి?

బెజవాడ ఎండ సంగతి తెలిసిందే. పగటి నిద్రను చెడగొట్టేవి వేడి, చప్పుడు, వెలుతురు, ఆ వరుసలోనే.

వేడి: పై అంతస్తు, పెంట్‌హౌస్ చౌకగా ఇస్తారు, కారణం స్లాబ్. మేలో మధ్యాహ్నం తాగిన ఎండను రాత్రి పన్నెండు దాకా గదిలోకి వదులుతుంది. నాలుగంతస్తుల బిల్డింగులో రెండోది మేలు. పడమర గోడ బెడ్‌రూమ్‌దైతే సాయంత్రం నాలుగింటికి అరచేయి ఆనించి చూడండి. చేయి నిలవకపోతే ఆ గది వంటకో సామాన్లకో వాడుకోవాలి. ఏసీ పెట్టుకుందాం అనుకుంటే ఆ గదిలో 16 ఆంపియర్ల ప్లగ్గు, విడి వైరింగు ఉన్నాయో లేదో చూడండి. పాత ఇళ్ళలో లైటు వైరుకే ఏసీ తగిలిస్తే ఫ్యూజ్ పోతుంది, లేదా సాకెట్ కాలుతుంది. ఇన్వర్టర్ ఉంటే ఫ్యాను తిరుగుతుంది, ఏసీ తిరగదు.

చప్పుడు: వంద మీటర్లలో ఫంక్షన్ హాలు, స్కూలు గ్రౌండు, గ్రానైట్ కోసే షాపు, కట్టుబడి జరుగుతున్న స్థలం ఉన్నాయేమో చూడండి. పునాది తవ్వి వదిలేసిన ఖాళీ స్థలం పక్కన ఉంటే ఏ నెలలోనైనా మిక్సర్ మొదలవుతుంది. పండగలకు, కార్తీకానికి, పెళ్ళిళ్ళకు మైకులు ఏ పేటలోనైనా తప్పవు. రైలు పట్టాలు దగ్గరైతే ఒక్కొక్కరు వారంలో అలవాటు పడతారు, ఒక్కొక్కరు ఎన్నటికీ పడరు. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

వెలుతురుకు మందు సులువు. మందపాటి కర్టెన్లు రెండు వరుసలు వేస్తే సరి. వేడికి, చప్పుడుకు డబ్బు పెట్టినా పూర్తి విరుగుడు లేదు కాబట్టి వాటిని చూసే ఇల్లు తీసుకోండి.

నీళ్ళ గురించి ఓనరు ‘ఫుల్ వాటర్’ అన్నాడు. నమ్మవచ్చా?

ఏ నీళ్ళు, ఎన్నింటికి అని అడగండి. మున్సిపల్ కుళాయికి కృష్ణ నీళ్ళు వేళ ప్రకారమే వస్తాయి. ఆ వేళకు మీరు వార్డులో ఉంటారు. అందుకే భూమిలో సంపు, దాంట్లోకి కుళాయి నీళ్ళు తనంతట పడే ఏర్పాటు, పైన ట్యాంకు, మోటారు వేసే మనిషి, ఈ నాలుగూ ఉన్న ఇల్లే చూడండి. పోర్షన్ల ఇళ్ళలో బిందెలు పట్టుకునే పద్ధతి ఉంటే ఒంటరి రెసిడెంటుకు అది కుదరని పని.

బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి బాత్‌రూమ్ కుళాయి మొదలు చూడండి. తెల్లటి గార దట్టంగా పేరుకుని ఉంటే గీజర్ ఎలిమెంటు త్వరగా పోతుంది, సబ్బు నురగ రాదు. తాగడానికి క్యాన్ నీళ్ళు.

కొండ పక్కన ఇల్లు చూశాం, అద్దె బాగా తక్కువ. తీసుకోవచ్చా?

వానాకాలం మనసులో పెట్టుకుని చూడండి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. ఇంటి వెనక గోడకు, కొండకు మధ్య ఎడం ఎంత, పైన వదులు బండలున్నాయా, నీళ్ళు దిగే కాలువ ఎటు పోతుంది అని చూడండి. వెనక గది కొండ గోడకు అంటుకుని ఉంటే వద్దు. మెట్ల ఇళ్ళయితే బండి కింద వీధిలోనే పెట్టాలి, సిలిండరు పైకి మోయడానికి విడిగా ఇవ్వాలి.

దక్షిణం ముఖం ఇల్లు చవగ్గా ఇస్తామంటున్నారు. ఏమైనా లోపమా?

వాస్తు పట్టింపు వల్ల అవి ఖాళీగా ఉంటాయి, అందుకే తగ్గిస్తారు. మీకు పట్టింపు లేకపోతే మంచి బేరం. దక్షిణపు గాలి ఎండాకాలం సాయంత్రాలు బాగుంటుంది కూడా.

## అడ్వాన్సు, అగ్రిమెంటు

బ్యాచిలర్స్‌కు ఇవ్వమంటున్నారు. ఏం చేయాలి?

‘బ్యాచిలర్స్‌మి’ అని మొదలుపెట్టకండి. ‘జీజీహెచ్‌లో పీజీ డాక్టర్లమండీ’ అనండి, ఐడీ కార్డు, కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్ చూపించండి. ఆ మాటతో సగం గేట్లు తెరుచుకుంటాయి. మొదటిసారి మాట్లాడటానికి అమ్మానాన్నల్లో ఒకరు వస్తే మిగతా సగం. ఓనరు ఆంటీ బీపీ చూడమని, రిపోర్టు చదవమని అడుగుతూ ఉంటారు. అది అద్దెలో భాగమే అనుకోండి.

అడ్వాన్సు ఎంత? ఖాళీ చేసేటప్పుడు పూర్తిగా తిరిగి ఇస్తారా?

మామూలుగా రెండు మూడు నెలల అద్దె. బ్రోకర్ ద్వారా వెళితే ఒక నెల అద్దె దాకా అతనికి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ వాడుక. అది ఉంటుందా, ఎంత ఉంటుంది అనేది ముందే కాగితం మీద రాయించుకోండి. దిగిన రోజు ప్రతి గోడ, కుళాయి, స్విచ్‌బోర్డు వీడియో తీసి అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారా ఇవ్వండి. నగదు ఇస్తే రసీదు.

స్టైపెండ్ ప్రతి నెలా ఒకే తేదీకి పడుతుందని లెక్క వేసుకోవద్దు. రెండు నెలల అద్దె పక్కన పెట్టుకున్నాకే ఇంట్లో దిగండి.

అగ్రిమెంటులో మా లాంటివాళ్ళు ప్రత్యేకంగా ఏం రాయించుకోవాలి?

స్టాంపు పేపరు మీద 11 నెలల అగ్రిమెంటు మామూలే. అందులో మీరు అడగాల్సినవి ఇవి. ఎవరు ఖాళీ చేయాలన్నా ఒక నెల ముందు చెబితే చాలు. రెన్యువల్‌లో అద్దె ఎంత శాతం పెరుగుతుందో ఇప్పుడే అంకె. మెయింటెనెన్స్ అద్దెలో కలిసి ఉందా, విడిగానా. రాత్రి ఏ వేళకైనా గేటు తెరుచుకుంటుంది అన్న వాక్యం.

అందరూ మరిచిపోయేది డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ మూడు నెలలు ఇక్కడ తాళం వేసిన ఇంటికి అద్దె కడుతూనే ఉంటారు. ‘మూడు నెలల పోస్టింగ్ కాలంలో మరో పీజీని ఉంచుకోవచ్చు’ అని రాయించుకుంటే, జూనియర్ ఎవరో ఒకరు తప్పకుండా దొరుకుతారు. తర్వాత అడిగితే ఓనరు ఒప్పుకోడు. ముందు అడిగితే పెద్దగా పట్టించుకోకుండా సంతకం పెడతాడు.

కరెంటు మీటరు ఓనరుకు, మాకు కలిపి ఒకటే. ఏమైనా నష్టమా?

నష్టమే. ఇళ్ళ కరెంటు స్లాబుల్లో లెక్క కడతారు. ఇప్పటి టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కు 6 రూపాయలు, 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. ఓనరు 200, మీరు 150 కాలిస్తే విడి మీటర్లలో ఎవరూ ఆరు రూపాయలు దాటరు. ఒకే మీటరులో మొత్తం 350 అవుతుంది, చివరి 125 యూనిట్లు 8.75కి పడతాయి. ఆ భారం ఏసీ ఉన్న మీ మీదకే తోస్తారు. విడి మీటరున్న పోర్షన్ చూసుకోండి. దిగేముందు పాత బిల్లులో బకాయి ఉందేమో సర్వీస్ నంబరుతో కరెంటు సంస్థ ఏపీసీపీడీసీఎల్‌లో సరిచూసుకుని, ఆ రోజు రీడింగ్ ఫొటో తీయండి.

## దిగిన తర్వాత

వండుకునే టైము లేదు. తిండి ఎలా?

కుక్కర్లో అన్నం పెట్టుకుని కర్రీ పాయింట్ నుంచి కూర, పప్పు, చారు తెచ్చుకోవడం ఈ ఊళ్ళో ఇంటింటి పద్ధతి. ఇల్లు చూసేటప్పుడే నడక దూరంలో ఒకటి ఉందో లేదో చూడండి. మధ్యాహ్నం రెండు దాటాక, రాత్రి తొమ్మిదిన్నర దాటాక వెళితే అడుగు బొడుగు మిగులుతుంది. డ్యూటీ దిగి పదింటికి వచ్చేవాళ్ళు సాయంత్రమే ఫోన్ చేసి పక్కన పెట్టించుకోవాలి. అపరాత్రి ఆకలేస్తే బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టూ మాత్రమే ఏదో ఒకటి తెరిచి ఉంటుంది.

గ్యాస్ కనెక్షన్ లేదు.

ఆధార్ చూపిస్తే అడ్రసు ప్రూఫ్ లేకపోయినా 5 కిలోల చిన్న సిలిండరు ఏజెన్సీలో దొరుకుతుంది. టీకి, అన్నానికి, గుడ్డుకి చాలు. ఇండక్షన్ స్టవ్ కొంటే వంటగది ప్లగ్గు 16 ఆంపియర్లదేనా అని చూసుకోండి.

దోమలు బాగా ఉన్నాయి. ఏ పేటలో తక్కువ?

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే పోతున్నాయి కాబట్టి పేట మార్చినంత మాత్రాన పోవు. కిటికీలకు, బాల్కనీ తలుపుకు మెష్ ఉన్న ఇల్లే తీసుకోండి. లేకపోతే అద్దె మాట్లాడేటప్పుడే వేయించమనండి. డెంగీ మోసే ఈడిస్ పగలే కుడుతుంది, మీరు పడుకునేదీ పగలే. వాష్ ఏరియాలో బకెట్లు, కూలర్ ట్రే, పైన మూత లేని సింటెక్స్ ట్యాంకు వారానికోసారి చూసుకోవాలి. వార్డులో అందరికీ చెప్పే మాటే ఇది.

పండగలప్పుడు డ్యూటీకి ఎలా వెళ్ళాలి? రోడ్లు మూసేస్తారటగా?

దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ, వన్‌టౌన్, కెనాల్ రోడ్డు, బస్టాండు వైపు ట్రాఫిక్ మళ్ళిస్తారు. మూలా నక్షత్రం రోజు మరీ ఎక్కువ. భవానీ దీక్షల విరమణప్పుడూ అంతే. వన్‌టౌన్, భవానీపురంలో ఉండి కొత్తాసుపత్రికి వచ్చేవాళ్ళు ఆ రోజుల్లో గంట ముందు బయల్దేరాలి, లేదా డ్యూటీ రూమ్‌లోనే ఉండిపోవాలి. గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. ఆ మూడు రోజులు గుణదల వీధుల్లో బండి కూడా కదలదు, ఏలూరు రోడ్డు బదులు హైవే వైపు నుంచి రండి. ఐడీ కార్డు మెడలో, స్టెతస్కోప్ బ్యాగులో కనిపించేలా ఉంటే బ్యారికేడ్ దగ్గర పోలీసులు చాలాసార్లు వదిలేస్తారు. వదలకపోతే వాదించి లాభం లేదు, బండి అక్కడే పక్కన పెట్టి నడవండి.